తొమ్మిదో గదిలో పాదం

"అది పడుతుంది. ఇవాళ కాకపోతే రేపు. పడేది మన తోమాజ్ మీదే," అంది నేజా, సద్దిడబ్బా అడుగు గిన్నెలో నీళ్ళు పోస్తూ.

పొయ్యి పక్కన కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న ఆమె భర్త బ్లాజ్ తల ఎత్తలేదు. "మళ్ళీ మొదలెట్టావా?"

"ఆపితే కదా మళ్ళీ మొదలెట్టడానికి."

పందొమ్మిదేళ్ళ కొడుకు తోమాజ్ రొట్టె నములుతూ నవ్వాడు. "అమ్మా, పోయిన వారం నీళ్ళ ట్యాంకు కూలుతుందన్నావు. అంతకుముందు ఫాదర్‌గారికి నిమోనియా అన్నావు. ట్యాంకూ నిలబడే ఉంది, ఫాదరూ నిలబడే ఉన్నారు."

"నేను ముందే అనుకున్నాను కాబట్టి నిలబడ్డారు. అనుకున్నది జరగదురా. అనుకోనిదే జరుగుతుంది."

ఆమె పద్ధతి అదే. పొద్దున్నే లేచి, రాగల ఆపదలన్నీ జపమాల పూసల్లా ఒక్కొక్కటే మనసులో తిప్పుకునేది. కప్పు కూలడం, గ్యాసు అంటుకోవడం, బండి తాడు తెగడం. ఒక్కటి మరిచిపోయినా ఆ రోజంతా చేతులు ఆడేవి కావు.

ఈ వారమంతా ఆ పూసల్లో పెద్దది, గనిలో బొగ్గు తవ్వే తొమ్మిదో గదిలోని పాదం.

ఎల్క్ లోయ గనిలో పాదాలు కొత్త కాదు. మనుషులే లేని కాలంలో ఈ బొగ్గంతా బురదగా ఉన్నప్పుడు దాంట్లో దిగబడుతూ నడిచిన జంతువుల అడుగుల్లో ఇసుక నిండి రాయైందని స్కూలు టీచరు చెప్పేది. కింద బొగ్గు తీసేస్తే ఆ రాతి పాదం కప్పులోంచి మూడు వేళ్ళతో కిందికి పొడుచుకుని మిగులుతుంది. పైన ఎవరో నడుస్తూ నడుస్తూ కాలు దించినట్టు ఉంటుంది. చుట్టూ నున్నటి బొగ్గుపొర తప్ప దాన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు. చప్పుడు చేయకుండా పడుతుంది. అందుకే కనిపించిన పాదాన్ని కనిపించినట్టే గడపారతో దించేస్తారు. దించినదాన్ని ఇంటికి మోసుకుపోయి గుమ్మం ముందు వేసుకుంటారు. పక్కింటి ఇటలీ ఆవిడ పీనా గుమ్మంలో రెండున్నాయి, ఒక దాంట్లో పిల్లికి పాలు పోస్తుంది. నేజా మాత్రం ఒక్కదాన్నీ గడప దగ్గరికి రానివ్వలేదు.

తొమ్మిదో గదిలోది మామూలుది కాదు. పిండి పిసికే తొట్టి అంత వెడల్పుంది. దాన్ని చూడడానికి మ్యూజియం నుంచి పెద్దమనిషి వస్తున్నాడు, ఆదివారం దాకా ఎవరూ ముట్టుకోవద్దని సూపరింటెండెంటు హైరమ్ చెప్పాడు. దాని కిందే మనుషులు బొగ్గు ఎత్తుతున్నారు. వాళ్ళలో తోమాజ్ ఒకడు.

"నేను పెట్టిన గుంజలే రెండున్నాయి దాని కింద," అన్నాడు బ్లాజ్, లేచి కోటు వేసుకుంటూ. గనిలో కప్పుకు గుంజలు నిలబెట్టడమే అతని పని, ఇరవై రెండేళ్ళుగా. "నా గుంజ ఎప్పుడైనా పడిందా?"

"పడలేదు."

"మరింకేం?"

"వాణ్ణి పైకి తెప్పించవయ్యా. గని బయట దీపాల గదిలోనో, బొగ్గు జల్లెడ దగ్గరో. హైరమ్ దొరని ఒక్కమాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? ఒక్కగానొక్కడు."

బ్లాజ్ సద్దిడబ్బా అందుకున్నాడు. తండ్రీ కొడుకులు మంచులో దిగి వెళ్ళిపోయారు. తలుపు మీద ముగ్గురు రాజుల పండగనాడు ఇంటికి రక్షగా రాసిన సుద్ద అక్షరాలు ఇంకా చెరగలేదు. ఫాదర్ ఆశీర్వదించిన ఆ సుద్దముక్కని నేజా ఈసారి రెండుగా విరిచింది. సగం ఇంట్లో దాచింది. సగం లొవ్రోకిచ్చింది.

లొవ్రో తోమాజ్‌కి జ్ఞానతండ్రి, బ్లాజ్‌తో ఒకే ఓడలో ఈ దేశానికి వచ్చినవాడు. గనిలో తనిఖీ మేస్త్రి. తెల్లవారకముందే ఒంటరిగా లోపలికి దిగి, ప్రతి గదిలో కప్పుని ఇనుప గడతో తట్టి, బాగుంటే తన పేరు మొదటి అక్షరాలూ తారీఖూ గోడ మీద సుద్దతో రాసి వస్తాడు. ఆ రాత లేని గదిలో ఎవరూ పార ఎత్తరు.

"మా వాడి గదిలో ఈ సుద్దతోనే రాయి అన్నా," అని బతిమాలింది నేజా. "ఆ పాదం కింది గుంజల మీద కూడా ఒక సిలువ గీయి."

"గుంజల మీదే కాదు, గుంజల తల మీద బిగించిన సీలల మీద కూడా గీస్తాలే," అన్నాడు లొవ్రో నవ్వి. "సీలే కదమ్మా గుంజని పట్టేది. సీల ఊడితే గుంజ ఉత్త కర్ర."

గీశాడు. గుంజకీ కప్పుకీ మధ్య సుత్తితో దిగ్గొట్టిన రెండు చెక్కసీలల మీదా రెండు తెల్లటి సిలువలు. తోమాజ్ ఇంటికొచ్చి చెప్పి మరీ వెక్కిరించాడు. "అమ్మా, ఇప్పుడా గదిలో దివ్యపూజ చేయడం ఒక్కటే తక్కువ."

శనివారం మధ్యాహ్నం బ్లాజ్ ఒక్కడే వచ్చాడు. కోటు విప్పకుండా బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఒకటో తారీఖు నుంచి వాడు దీపాల గదిలోకి," అన్నాడు.

నేజా చేతిలో అక్రోట్లు దంచుతున్న బండ ఆగిపోయింది. "ఎవరు?"

"నీ కొడుకు. దొర ఒప్పుకున్నాడు."

బండ పక్కన పెట్టి లేచింది. రొట్టెపిండి అంటిన చేతులతోనే వచ్చి అతని తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. పిండి అంటి అతని జుట్టు తెల్లగా అయింది.

"నువ్వు అడిగావు! ఇన్నాళ్ళకి అడిగావు!"

"అడిగాను."

"ఏమన్నాడు? వెంటనే సరేనన్నాడా? ఏమీ అనలేదా?"

"నీకు కావలసింది వచ్చింది కదే. ఇంక దేనికి పోలీసు విచారణ?"

ఆ సాయంత్రం నేజా అక్రోట్ల ముద్ద నింపిన పెద్ద చుట్టరొట్టె కాల్చింది, పండగ రొట్టె. పీనాకి ఒక ముక్క పట్టుకెళ్ళింది.

"ఇవాళ ఏ ఆపదా లేదా?" అంది పీనా మూతి తుడుచుకుంటూ. "నీ భయాలు వింటే గనిలో ఎలుకలు కూడా పని మానేసి వెళ్ళిపోతాయి. అలాంటిదానివి నవ్వుతున్నావు, నాకు భయమేస్తోంది."

"ఇంక తొమ్మిది రోజులే. ఒకటో తారీఖుకి."

బ్లాజ్ మాత్రం ఆ రొట్టె ముట్టుకోలేదు. కడుపులో బాగాలేదన్నాడు.

ఆదివారం మ్యూజియం పెద్దమనిషి వచ్చాడు, వెంట ఫొటోలు తీసేవాడు. గని మూసిన రోజు. పూజ నుంచి తిరిగి వస్తుంటే ఆఫీసు ముందు కారు కనిపించింది. బ్లాజ్ పూజకి రాలేదు, ఏదో పని ఉందని పొద్దున్నే వెళ్ళాడు. మధ్యాహ్నం వచ్చి కోటు జేబులు దులిపి, కొక్కేనికి తగిలించి, పడుకున్నాడు.

సోమవారం పొద్దున తొమ్మిది దాటాక, నేజా బట్టలు నీలిలో ముంచుతుండగా గని కూత వేసింది. కూత వేయాల్సిన సమయం కాదు. వరసలో ఇళ్ళ తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. ఎవరూ ఏమీ అడగలేదు. పీనా వచ్చి ఆమె తడిచేతిని పట్టుకుంది.

బయటికి తెచ్చింది తోమాజ్‌నే. బతికే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. దుప్పటి కప్పిన చోట ఒక కాలు ఉండాల్సినంత పొడుగు లేదు.

మంగళవారం కంపెనీ ఆసుపత్రిలో డాక్టరు చీలమండ పైదాకా తీసేశామన్నాడు. నేజా అన్నీ ముందే అనుకుంది. చావు అనుకుంది, కళ్ళు పోవడం అనుకుంది. పాదం ఒక్కటి పోవడం అనుకోలేదు. అది తన పొరపాటేనని ఆమెకి గట్టిగా అనిపించింది.

మంచం పక్కన ఆమె ఒక వైపు, బ్లాజ్ ఒక వైపు. తోమాజ్ పెదవులు తడుపుకుని నెమ్మదిగా చెప్పాడు.

"గుంజలు లేవమ్మా. నేను వెళ్ళేసరికే లేవు. రెండూ గోడకి ఆనించి ఉన్నాయి, పక్కపక్కన, శుభ్రంగా. నాన్న కొత్తవి పెట్టబోతున్నాడేమో అనుకున్నాను. గోడ మీద లొవ్రో మామ అక్షరాలు ఉన్నాయి. ఆ రోజు తారీఖు కూడా ఉంది. బండి నిండాలి త్వరగా అని కేకలేస్తుంటే కిందికి వెళ్ళాను."

"ఎక్కువ మాట్లాడకు," అన్నాడు బ్లాజ్.

"చప్పుడే లేదమ్మా. నిజంగా చప్పుడే చేయలేదు."

మధ్యాహ్నం సూపరింటెండెంటు హైరమ్ యాపిల్ పళ్ళ బుట్టతో వచ్చాడు. టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని, చాలా బాధగా ఉందన్నాడు. తమ చర్చిలో ప్రార్థన చేయిస్తానన్నాడు. లేచి వెళ్ళబోతూ అన్నాడు. "కుర్రవాళ్ళ సరదా తల్లీ. ఎవరినీ తప్పుపట్టలేం. అంత పెద్ద పాదం ఇంటి ముందు పెట్టుకోవాలని ఎవరికుండదు? గుంజలు పడగొట్టి దించుదామనుకున్నాడు మీవాడు. నివేదికలో నేను కఠినంగా ఏమీ రాయను."

"మా ఇంట్లోకి ఆ రాయి ఒక్కటి కూడా నేను రానివ్వను," అంది నేజా. "ఊరందరికీ తెలుసు."

"గురువారం ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. ఆయన ముందు చెప్పండి." ఆయన బ్లాజ్ వైపు చూశాడు. బ్లాజ్ కిటికీ వైపు చూస్తున్నాడు.

వాళ్ళిద్దరూ ఇంటికి నడిచారు. కొడుకే చేసుకున్నాడని రాస్తే ఏమవుతుందో నేజా దారి పొడుగునా బయటికే అనుకుంటూ వచ్చింది. కంపెనీ ఆసుపత్రి నుంచి పంపేస్తారు. ఈ లోయలో ఏ గని దగ్గరా వాడికి కూర్చుని చేసే పని కూడా ఇవ్వరు. గుంజలు పడగొట్టినవాడని పేరు మోస్తూ, ఒంటికాలితో, ఇరవై ఏళ్ళు నిండకముందే.

"నువ్వు చెప్పవయ్యా ఇన్‌స్పెక్టరుకి. గుంజలు నీవి. నీ మాట వింటారు. తోమాజ్ అడిగాడు నన్ను, నువ్వు బయటికెళ్ళినప్పుడు. నాన్న నన్ను నమ్ముతున్నాడా అని."

"ఏం చెప్పావు?"

"ఏం చెబుతాను? నమ్మకుండా ఎలా ఉంటాడురా, అన్నాను."

బ్లాజ్ బూటుకి అంటిన మంచుని మెట్టు మీద చాలాసేపు గీకాడు.

బుధవారం ఆమె లొవ్రో ఇంటికి వెళ్ళింది. పెళ్ళి చేసుకోని మనిషి, ఒంటి గది. బంగాళాదుంపలు ఒలుస్తున్నాడు. ఆమెని చూసి కత్తి పక్కన పెట్టాడు, కూర్చోమనలేదు.

"తెల్లవారుజామున నువ్వు చూశావు కదా అన్నా. గుంజలు లేవు కదా అప్పటికే."

లొవ్రో తల ఊపాడు.

"లేవని తెలిసీ అక్షరాలు రాశావు."

"షిఫ్టు మొదలయ్యేలోపు పెట్టిస్తానన్నాడు దొర. ఆ గదికి ఆ రోజు మనుషుల్నే పంపనన్నాడు. ఆయన్ని అడిగాకే రాశాను." అతని చేతులు తొక్కల్లో ఏదో వెతుకుతున్నట్టు కదిలాయి. "రాయకూడదు. రాశాను. ఆ తప్పు నాది. అది రేపు చెబుతాను."

"ఎవరు తీశారు వాటిని?"

అతను ఒక దుంపని చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాడు.

"ఫొటో కోసం తీశారు కదా? గుంజలు అడ్డమని తీశారు. ఎవరు? పేరు చెప్పు. వాణ్ణి జ్ఞానస్నానపు తొట్టి మీద నీ చేతుల్తో పట్టుకున్నావే, ఆ తండ్రివి నువ్వు. వాడి తండ్రి లేనప్పుడు నువ్వే తండ్రివని ఫాదర్ అంటే సరేనన్నావే. చెప్పు."

పొయ్యి మీద నీళ్ళు మరిగి మూత తట్టుకుంటోంది. లొవ్రో లేచి దాన్ని దించలేదు.

"నువ్వే అయ్యుంటావు," అంది నేజా. "దొర చెబితే నువ్వే చేసి ఉంటావు. అందుకే నోరు రావడం లేదు."

కాదనలేదు అతను. ఔననలేదు. ఆమె ముఖంలోకి ఒకసారి చూసి కళ్ళు దించుకున్నాడు.

"నా సుద్ద నాకిచ్చెయ్."

జేబులోంచి తీసి ఇచ్చాడు. వేలి కొసంత మిగిలి ఉంది. దారిలో ఎదురైన ప్రతివాళ్ళకీ ఆమె చెప్పింది: లొవ్రో మా అబ్బాయిని అమ్మేశాడు. పీనాకి చెప్పింది, పాలవాడికి చెప్పింది, గనివాళ్ళ సంఘం హాలు మెట్ల మీద నిలబడ్డ నలుగురికీ చెప్పింది. ఇంటికొచ్చి బ్లాజ్‌కి చెప్పింది. అతను బూట్లు విప్పుతున్నాడు.

"వాణ్ణి వదిలెయ్ నేజా," అన్నాడు.

"ఎందుకు వదలాలి? ఒకే ఓడలో వచ్చాడనా?"

"వదిలెయ్ అంటున్నాను."

గురువారం పొద్దున పొయ్యి ఆరిపోయి ఉంది. విచారణ పదింటికి, స్కూల్లో. ఆ తర్వాత బ్లాజ్ మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళాలి. అతను పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. నేజా పుల్లల పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

ఆ పెట్టె నింపేది బ్లాజే. వాడేసిన సీలలు, గుంజల చివర్లు, నరికిన ముక్కలు రోజూ కోటు జేబుల్లో వేసుకొచ్చి అందులో దులిపేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో పొయ్యి అలాగే రాజుకుంది. గనిలో గుంజలు పెట్టేవాడెవడూ తను ఊడదీసిన సీలని కింద పారేయడు. చెయ్యి దానంతట అదే జేబులోకి వెళుతుంది.

కాగితం చుట్టి పెట్టింది. రెండు సన్న పుల్లలు పేర్చింది. మూడోది తీసింది. ఎండిన పైను చెక్క, ఒక కొస దెబ్బలకి నలిగి ఉంది. దాని మీద తెల్లగా ఏదో ఉంటే పిండేమోనని బొటనవేలితో రుద్దబోయింది.

సిలువ.

వేలు ఆగింది. ఆమె పెట్టెలో చెయ్యి పెట్టి నిదానంగా వెతికింది. రెండోది అడుగున దొరికింది. దాని మీదా ఉంది, కొంచెం చెదిరి.

రెండింటినీ ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఎవరు చేసి ఉంటారా అని రెండు రోజులుగా ఊళ్ళో ప్రతి మగవాణ్ణీ తలుచుకుంది. ఎన్నడూ తన ఇంటి గడప లోపలికి రాలేదు ఆ ఆలోచన. గోడకి ఆనించి, పక్కపక్కన, శుభ్రంగా. కొడుకు చెప్పనే చెప్పాడు. ఇంకెవడు పెడతాడు అలా? చేతకానివాడైతే పడేసి పోతాడు.

దీపాల గది. శనివారం చెప్పాడు. ఆదివారం తీశాడు. గుంజలు తీస్తే నీ కొడుకుని పైకి తెస్తానని దొర అని ఉంటాడు. సోమవారం ఆ గది ఖాళీగా ఉంటుందనీ, నువ్వు పొద్దున్నే వచ్చి మళ్ళీ పెట్టుకోవచ్చనీ అని ఉంటాడు. ఈయన నమ్మి ఉంటాడు. ఈయన పెట్టేలోపే దొర మనుషుల్ని పంపి ఉంటాడు. వాణ్ణి పైకి తెప్పించవయ్యా, ఒక్కమాట అడిగితే ముత్యాలు రాలిపోతాయా. ఆ నుదుటి మీద ముద్దు పెట్టింది తను. రొట్టె కాల్చింది తను.

లొవ్రో బంగాళాదుంపల తొక్కల్లో చేతులు కదపడం గుర్తొచ్చింది. అతను దాచింది నేజా ఇంటి గుట్టునే.

పెరట్లోంచి బ్లాజ్ కేకేశాడు. "కాఫీ అయిందా?"

"పొయ్యి రాజుకోవడం లేదు," అంది.

లేచి సద్దిడబ్బా తీసింది. అడుగు గిన్నెలో నీళ్ళు పోసింది. పైగిన్నెలో రోజూ పెట్టే రొట్టే మాంసపు ముక్కా పెట్టలేదు. రెండు సీలలూ పెట్టి, రోజూ కప్పే గుడ్డే కప్పి, మూత నొక్కింది.

స్కూలు గదిలో బెంచీలు చిన్నపిల్లలవి. గనివాళ్ళు మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా కూర్చున్నారు. టీచరు కుర్చీలో ఇన్‌స్పెక్టరు, ఆయన పక్కన హైరమ్. గోడ మీది నల్లబల్ల మీద ఎవరో పిల్ల రాసిన కూడికలు అలాగే ఉన్నాయి. నేజా తలుపు దగ్గర నిలబడింది. బ్లాజ్ రెండో వరసలో, ఒళ్ళో సద్దిడబ్బా.

హైరమ్ చెప్పాల్సింది చెప్పాడు. ఫొటో తీసేటప్పుడు గుంజలు ఉన్నాయన్నాడు, ఫొటోలో కనపడకుండా పక్కనుంచి తీశారన్నాడు. కుర్రవాడి సరదా అన్నాడు. ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు.

లొవ్రోని పిలిచారు. లేచి నిలబడ్డాడు. అతని పక్కన బెంచీ అటూ ఇటూ ఖాళీగా ఉంది, ఎవరూ కూర్చోలేదు.

"నేను వెళ్ళేసరికి గుంజలు లేవు. లేకపోయినా నా అక్షరాలు రాశాను," అన్నాడు. "ఆ తప్పు నాది. ఆ ఉద్యోగానికి నేను తగను."

గదిలో గుసగుసలు లేచాయి. హైరమ్ మెడ ఎర్రబడింది.

"ఎవరు తీశారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తెల్లవారకముందే లేవంటే, ఆ కుర్రవాడు కాదన్నమాట. ఎవరు?"

లొవ్రో నిలబడే ఉన్నాడు.

"మీరు చూశారా? విన్నారా?"

లొవ్రో టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"అయితే లేవన్నది మీ ఒక్కరి మాట. మీరే తప్పు చేశామంటున్నారు. మీ మాట మీద నేనేం రాయగలను?" ఇన్‌స్పెక్టరు కాగితం వైపు వంగాడు. "సూపరింటెండెంటుగారు చెప్పింది ఉంచుతున్నాను. ఇంకెవరికైనా తెలుసా? ఇదే చివరిసారి అడగడం."

నేజా నోరు తెరవలేదు. తను చెబితే చాలు, అందరూ నమ్ముతారు. కానీ ఆమెకి తన మాట కాదు కావలసింది. ఆసుపత్రి మంచం మీద ఒకడు అడిగాడు, నాన్న నన్ను నమ్ముతున్నాడా అని. దానికి జవాబు ఇంకొకరి నోట రావాలి. రాకపోతే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. జేబులో వేలి కొసంత సుద్దని పిడికిట్లో నలిపింది.

బ్లాజ్ నీళ్ళ కోసం సద్దిడబ్బా మూత తీశాడు. పైగిన్నె ఎత్తబోయి, బరువు తేడా తెలిసినట్టు ఆగి, గుడ్డ తొలగించాడు.

చాలాసేపు అందులోకే చూశాడు. వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. నేజా అతని కళ్ళలోకి చూసింది, తిప్పుకోలేదు.

కలం కాగితం మీద గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో దగ్గారు. లొవ్రో ఇంకా నిలబడే ఉన్నాడు, టోపీ రెండు చేతులా పట్టుకుని, నేలకేసి చూస్తూ. హైరమ్ జేబు గడియారం తీసి చూసి మూశాడు. ఆ మూత టక్కుమన్నప్పుడు బ్లాజ్ చిన్నపిల్లల బెంచీలోంచి ఒక్కో మోకాలే లాక్కుంటూ లేచాడు. రెండు సీలలనీ ఇన్‌స్పెక్టరు బల్ల మీద, ఒకదాని పక్కన ఒకటి, శుభ్రంగా పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. "ఇవేమిటి?"

బ్లాజ్ ఆయన వైపు చూడలేదు.

"నా కొడుకు వాటిని ముట్టుకోలేదు," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ మనిషితో. "నేను తీశాను."